పిల్లలే తమ రాతను చూసి దిద్దుకునేలా: ఒక లేఖతో మొదలుపెట్టే పద్ధతి

తెలుగు వాచకాల్లో పాఠం చివర వచ్చే ‘నేనివి చేయగలనా?’ పట్టిక చాలామంది ఉపాధ్యాయులకు తెలిసిందే. ఒక్కో వరసలో ఒక్కో పని, పక్కన ‘అవును/కాదు’. ఏ పిల్లల పుస్తకం తెరిచి చూసినా ‘అవును’ కింద టిక్కులు బారుగా దిగి ఉంటాయి. కూడబలుక్కుని చదివే పిల్లవాడి పుస్తకంలోనూ అవే టిక్కులు, క్లాస్ ఫస్టు వచ్చే పిల్ల పుస్తకంలోనూ అవే. పిల్లలు కావాలని అబద్ధం చెప్పారనుకోనక్కర్లేదు. దేన్ని చూసి ‘అవును’ అనాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ‘కాదు’ అంటే టీచర్ ఏమంటారో మాత్రం బాగా తెలుసు.

2020 జాతీయ విద్యావిధానం ప్రకారం పిల్లల ప్రగతి పత్రంలో ఉపాధ్యాయుడి మూల్యాంకనంతో పాటు పిల్లలు తమను తాము అంచనా వేసుకున్నది, తోటివాళ్లు అంచనా వేసినది కూడా ఉండాలి. అంటే ఈ పని ఎలాగూ తరగతిలోకి వస్తుంది. మరో టిక్కుల కాగితంగా రాకముందే దీన్ని పనికొచ్చే అలవాటుగా మలుచుకోవచ్చు. కింది పద్ధతి ఎనిమిదో తరగతి తెలుగులో లేఖారచనకు, 36 మంది పిల్లలకు, 45 నిమిషాల పీరియడుకు సరిపడేలా రాసింది. ఆరు నుంచి పది దాకా ఏ తరగతికైనా కొలతలు కాస్త అటూఇటూ చేస్తే చాలు.

మొత్తానికి సూత్రం ఒక్కటే: కాగితం మీద వేలు పెట్టి చూపించలేని మాట ఎవరూ అనకూడదు. తన రాత గురించైనా, పక్కవాడి రాత గురించైనా. ‘బాగుంది’ అంటే ఏ వాక్యం? ‘అర్థం కాలేదు’ అంటే ఎక్కడ? కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ నియమాన్ని నిలబెట్టడానికే.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఖర్చేమీ లేదు. పిల్లల రాత నోటు పుస్తకాల్లో ఎడమ పేజీ ఖాళీగా వదిలి కుడి పేజీలోనే రాయమనండి. సవరించిన వాక్యాలు ఎడమ వైపు వస్తాయి, పాతదీ కొత్తదీ పక్కపక్కనే కనిపిస్తాయి. చెరిపేసి దాని మీదే రాస్తే ఏం మారిందో మీకూ తెలియదు, పిల్లవాడికీ తెలియదు. అందుకే ఈ పని జరిగేటప్పుడు రబ్బరు సంచిలోనే ఉండాలి. పక్కవాళ్ల లేఖ చూసి అడగాల్సింది రాసి ఇవ్వడానికి చీటీలు కావాలి. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే నాలుగు చీటీలు. 36 మందికి తొమ్మిది కాగితాలు చాలు. గుర్తులు పెట్టుకోవడానికి పెన్సిలు కావాలి. ఎర్ర ఇంకు మాత్రం వద్దు. ఎర్రపెన్ను చేతికొస్తే పదమూడేళ్ల పిల్లలు క్షణంలో సార్లయిపోతారు, గీతలూ సున్నాలూ మొదలవుతాయి.

జూన్‌లో బడి తెరిచిన వెంటనే మొదలుపెట్టకండి. ఎవరు ఎవరితో మాట్లాడతారో, ఎవరిని ఎవరు ఏడిపిస్తారో తెలియడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. జులై నడిమికి చేస్తే బాగా కుదురుతుంది.

మొదటి పీరియడు: రాయించే ముందు చూపించడం

ఎక్కువ తరగతుల్లో ఈ మెట్టు దాటేసి నేరుగా ‘మీ పక్కవాళ్ల పుస్తకం తీసుకుని దిద్దండి’ అంటారు. మంచి లేఖ అంటే ఏమిటో ఎప్పుడూ చూడని పిల్లలు దేనితో పోల్చి దిద్దుతారు? ఆస్ట్రేలియా విద్యావేత్త రాయిస్ శాడ్లర్ 1989లో ఈ సంగతి స్పష్టంగా చెప్పారు: పిల్లవాడికి గమ్యం ఎలా ఉంటుందో తెలియాలి, తన పని దానికి ఎంత దూరంలో ఉందో పోల్చుకోగలగాలి, ఆ దూరం తగ్గించే పని చేయగలగాలి. మూడింటిలో మొదటిది లేకపోతే మిగతా రెండూ మొదలే కావు.

మీరే రెండు నమూనా లేఖలు నల్లబల్ల మీదో చార్టు మీదో రాసి పెట్టండి. తరగతిలోని పిల్లల లేఖలు వాడకండి. పేరు దాచినా చేతిరాత దాగదు.

మొదటి నమూనా ఇలా ఉండవచ్చు: ‘గౌరవనీయులైన సర్పంచ్ గారికి నమస్కరించి వ్రాయునది. మా గ్రామమందు నీటి సమస్య ఎక్కువగా కలదు. నీరు ప్రాణాధారము. నీరు లేనిదే జీవము లేదు. కావున తమరు దయతో మా సమస్యను పరిష్కరించగలరని ప్రార్థన.’ దీనికి ప్రదేశం, తేదీ, విషయం, సంతకం అన్నీ సక్రమంగా పెట్టండి. అక్షరదోషం ఒక్కటీ ఉండకూడదు.

రెండోది: ‘సర్పంచ్ గారికి నమస్కారం. మా బడి గేటు పక్కనున్న బోరింగు పది రోజులుగా పనిచేయడం లేదు. మద్యాహ్నం అన్నం తిన్నాక 140 మందిమి ప్లేట్లు కడుక్కోవడానికి రోడ్డు దాటి గుడి దగ్గరి కుళాయికి వెళ్తున్నాం. మొన్న ఆరో తరగతి పిల్లవాడికి లారీ తగలబోయింది. ఈ వారంలో మెకానిక్‌ని పంపి బాగు చేయించండి.’ దీనికి తేదీ పెట్టకండి. ‘మధ్యాహ్నం’లో ఒత్తు కావాలనే తప్పు రాయండి.

ఏది మంచి లేఖ అని చేతులెత్తమంటే చాలా చేతులు మొదటిదానికే లేస్తాయి. దానిలో పెద్ద పెద్ద మాటలున్నాయి, తప్పుల్లేవు. వాదించకండి. ఒక్క ప్రశ్న అడగండి: ‘మీరే పంచాయతీ కార్యదర్శి అనుకోండి. ఈ ఉత్తరం చదివాక రేపు పొద్దున ఎవరిని ఎక్కడికి పంపుతారు?’ మొదటి లేఖ చదివినవాళ్లకు ఎవర్నీ ఎక్కడికీ పంపడానికి వీల్లేదు. ఆ తర్వాత మళ్లీ చేతులెత్తమంటే లెక్క మారుతుంది. ఎందుకు మార్చుకున్నారో వాళ్ల నోటితోనే చెప్పించి, వాళ్లు వాడిన మాటలనే బల్ల మీద రాయండి.

పది పన్నెండు మాటలు వస్తాయి. వాటిని నాలుగుకు కుదించాలి. ఐదో అంశం పెట్టారంటే పిల్లలు మళ్లీ చదవకుండా టిక్కులు కొట్టే దారి పడతారు. ఈ లేఖకు సాధారణంగా తేలేవి ఇవి:

1. సమస్య ఏమిటో మొదటి మూడు వాక్యాల్లో చెప్పామా?
2. ఎక్కడ, ఎప్పటినుంచి, ఎవరికి ఇబ్బంది – మూడూ ఉన్నాయా?
3. ఎవరు ఏం చేయాలో అడిగిన వాక్యం ఉందా?
4. ప్రదేశం, తేదీ, విషయం, సంబోధన, సంతకం ఉన్నాయా?

‘భాష బాగుందా’, ‘భావం స్పష్టంగా ఉందా’, ‘ఆకట్టుకునేలా ఉందా’ వంటివి పెట్టకండి. మీరు పేపర్లు దిద్దేటప్పుడు అవి మీకు పనికొస్తాయి, ఎందుకంటే మీ వెనక వందల లేఖలు చదివిన అనుభవం ఉంది. పిల్లవాడు దాన్ని వేలు పెట్టి చూపించలేడు కాబట్టి ఏదో ఒకటి అనేస్తాడు. ఒక అంశం మంచిదో కాదో తేల్చుకోవాలంటే ఇద్దరు పిల్లలకు ఒకే లేఖ ఇచ్చి విడివిడిగా చూడమనండి. ఇద్దరూ ఒకే వాక్యాన్ని చూపిస్తే అది పనికొచ్చే అంశం. చెరో వాక్యం చూపిస్తే మాట మార్చాలి.

మిగిలిన పది నిమిషాల్లో రెండో నమూనా మీద అందరితో కలిసి 1, 2, 3, 4 అంకెలు ఎక్కడ పడతాయో గుర్తించండి. నాలుగో అంకె దగ్గర తేదీ లేదని పిల్లలే పట్టుకుంటారు. ఇంటిపనిగా ఎనిమిది పది వాక్యాల లేఖ, తమ వీధిలో నిజంగా ఉన్న సమస్య మీద రాసుకురమ్మనండి. నిజం సమస్య కాకపోతే రెండో అంశానికి జవాబు ఉండదు. గైడులోని లేఖ దిగుతుంది.

రెండో పీరియడు: మొదట తన కళ్లతో

పక్కవాడి చేతికి పుస్తకం వెళ్లే ముందు ఎవరి రాత వాళ్లు చూసుకోవాలి. ఈ వరస తిరగబడితే పిల్లవాడు తన తప్పులు వెతకడం మానేసి ఎదుటివాడు ఏం చెబుతాడోనని ఎదురుచూస్తూ కూర్చుంటాడు.

ఎనిమిది నిమిషాలు ఇవ్వండి. ఒక్కో అంశానికి తన లేఖలో ఒక్క వాక్యం కింద మాత్రమే పెన్సిలుతో గీత గీసి, అంచులో ఆ అంకె వేయాలి. ఒక్క వాక్యం అన్న షరతు ముఖ్యం. లేదంటే లేఖంతా గీతలే ఉంటాయి. నాలుగో అంశానికి మాత్రం వాక్యం ఉండదు కాబట్టి ఐదు చోట్లా చిన్న చుక్క పెడితే చాలు. ఏ అంకె వేయడానికి చోటు దొరకలేదో ఆ అంకెను పేజీ అడుగున రాసి, పక్కన ‘నేను మార్చబోయేది’ అని ఒక వాక్యం రాయాలి.

మార్కులు వేసుకోమనకండి. ‘పదికి ఎంత ఇచ్చుకుంటావు?’ అన్న ప్రశ్న వినడానికి బాగుంటుంది గానీ, పిల్లల ఆలోచన వాక్యం మీద నుంచి అంకె మీదికి పోతుంది. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ చేసి 1988లో ప్రచురించిన పరిశోధనలో కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. తర్వాతి పనిలో మెరుగైంది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ అందుకున్నవాళ్లకు వ్యాఖ్య వల్ల లాభం దక్కలేదు. మన దగ్గర ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులు ఎలాగూ తప్పవు. రాత అంశాల కింద వేయాల్సిన మార్కులను సవరించిన లేఖకు మీరే వేయండి. చిత్తుప్రతికి ఎవరూ వేయకూడదు.

ఈ ఎనిమిది నిమిషాల్లో మీరు వరసల మధ్య తిరుగుతూ రెండు రకాల పిల్లల దగ్గర ఆగాలి. నాలుగు అంకెలూ నిమిషంలో వేసేసి చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్లు మొదటి రకం. వాళ్లతో ‘సరిగా చూడు’ అంటే ఉపయోగం లేదు. ‘రెండో అంకె వేసిన వాక్యం చదువు. ఇందులో ఎప్పటినుంచి అన్న మాట ఏది?’ అని అడిగితే లోటు వాళ్లకే దొరుకుతుంది. రెండో రకం తెలివైన పిల్లలు. ఒక్క అంకె కూడా వేయకుండా ‘నాది బాలేదు టీచర్, మళ్లీ రాస్తాను’ అంటారు. కాగితం చించడానికి సిద్ధంగా ఉంటారు. వాళ్లను చించనివ్వకండి. ముందు ఉన్నవాటికి అంకెలు వేయించండి. తన రాతలో ఉన్నదాన్ని గుర్తించడం కూడా అంచనాలో భాగమే. బాగా రాసేవాళ్లు దీన్ని ఎక్కువగా దాటేస్తారు.

జంటలు కట్టడం

మొదటి ర్యాంకు పిల్లను చివరి ర్యాంకు పిల్లవాడితో కూర్చోబెట్టడం మన బళ్లలో పాత అలవాటు. చదువు చెప్పించడానికి అది ఎంతోకొంత పనికొస్తుందేమో గానీ ఇక్కడ పనికిరాదు. ఆ జంటలో ఒకరు చెబుతారు, ఒకరు తలూపుతారు. చివరికి ఆ పిల్లే అతని లేఖ కూడా రాసిపెడుతుంది.

గత పరీక్ష మార్కుల జాబితాను సగానికి విడదీయండి. 36 మందిలో ఒకటో పేరుకు పంతొమ్మిదో పేరు, రెండుకు ఇరవై, అలా పద్దెనిమిదికి ముప్పై ఆరు. ప్రతి జంటలోనూ తేడా ఒకే రకంగా ఉంటుంది, ఎవరికీ మరీ ఎక్కువ అనిపించదు. జాబితా ఎలా కట్టారో పిల్లలకు చెప్పకండి. బేసి సంఖ్య వస్తే ఒక ముగ్గురి గుంపు పెట్టండి. అందులో పుస్తకాలు గుండ్రంగా తిరగాలి. మొదటి నెల ఆడపిల్లలకు ఆడపిల్లలే, మగపిల్లలకు మగపిల్లలే జంటగా ఉంటే పని ముందుకు సాగుతుంది. ఆ తర్వాత తరగతి వాతావరణం చూసి కలపవచ్చు. ఇంటిదగ్గర గొడవలున్న కుటుంబాల పిల్లలను, ఒకరినొకరు కులం పేరుతో గానీ ఊరి పేరుతో గానీ ఎగతాళి చేసుకున్న పిల్లలను ఒక జంటగా పెట్టకండి. ఈ విషయాలు మార్కుల జాబితాలో కనిపించవు. మూడు వారాలకోసారి జంటలు మార్చండి. ప్రాణస్నేహితులను జంట చేస్తే చీటీలన్నీ ‘సూపర్’తో నిండుతాయి.

మీరు చెడ్డగా చేసి చూపించండి

తోటివాళ్లకు ఎలా చెప్పాలో ఉపన్యాసం ఇవ్వకండి, ఏడు నిమిషాల నాటకం వేయండి. ఒక పిల్ల నమూనా లేఖ పట్టుకుని ముందుకు వస్తుంది. మీరు ఆమె స్నేహితురాలు. మొదటిసారి ‘సూపర్‌గా రాశావే!’ అని పుస్తకం తిరిగి ఇచ్చేయండి. రెండోసారి ‘ఛీ, ఇదేం రాత, కోడి గీకినట్టుంది’ అనండి. మూడోసారి పెన్ను లాక్కుని మీరే వాక్యం కొట్టేసి కొత్తది రాయండి. ప్రతిసారీ తరగతిని అడగండి: ‘ఇప్పుడు ఈమె ఏం మార్చుకోవాలో ఈమెకు తెలిసిందా?’ మూడోదాని మీద పిల్లలు వాదించుకుంటారు. ‘తెలిసింది కదా టీచర్, రాసిచ్చేశారు’ అనేవాళ్లు ఉంటారు. ఆ వాదన జరగనివ్వండి. ‘రేపు ఇంకో లేఖ రాసేటప్పుడు మీరు పక్కన లేకపోతే?’ అని ఎవరో ఒకరు అంటారు. ఎవరూ అనకపోతే మీరు అడగండి.

జంటగా చేయాల్సిన మూడు పనులు, ఇదే వరసలో

మొదట, లేఖ చదివి మూసేసి, తనకు అర్థమైంది తిరిగి చెప్పాలి: ‘ఈ ఉత్తరం ప్రకారం ఫలానా చోట ఫలానా ఇబ్బంది, సర్పంచ్ ఇది చేయాలి.’ రాసినవాళ్లు విని ఊరుకోవాలి. మొత్తం పద్ధతిలో ఎక్కువ ఫలితమిచ్చేది ఈ ఒక్క నిమిషమే. తను రాశాననుకున్నది కాగితం మీద లేదని పిల్లవాడికి తెలిసేది ఇక్కడే. విమర్శ ఏదీ జరగలేదు కాబట్టి కోపం రాదు. సమయం చాలని రోజు మిగతా రెండూ వదిలేసి ఇదొక్కటే చేయించినా ఫరవాలేదు.

రెండు, వేసిన అంకెలు సరిచూడాలి. ‘మూడో అంకె నువ్విక్కడ వేశావు. ఇక్కడ ఎవరు చేయాలో ఉంది, ఏం చేయాలో లేదు.’

మూడు, ఒక ప్రశ్న. సలహా వద్దు, ప్రశ్నే కావాలి. ‘లైటు ఎప్పటినుంచి వెలగట్లేదు?’, ‘ఏ స్తంభం?’ అని అడిగితే జవాబు రాసినవాళ్ల దగ్గరే ఉంటుంది, వాళ్లే రాసుకుంటారు. ‘ఇలా రాయి’ అంటే ఎదుటివాళ్ల వాక్యం వచ్చి చేరుతుంది.

ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు, ఇద్దరికీ పన్నెండు. గంటో చప్పట్లో ఏదో ఒకటి మోగించి మార్చండి. లేకపోతే సగం జంటల్లో రెండోవారి వంతే రాదు. చూసేవాళ్లు లేఖ మీద గీత గీయకూడదు. చీటీలో నాలుగే విషయాలు: ఎవరి లేఖ, ఎవరు చూశారు, ఏ అంకె, ఏ ప్రశ్న. రాసినవాళ్లు వాదించకూడదు. ‘ఏ వాక్యం?’ అని మాత్రం అడగవచ్చు.

అక్షరదోషాల సంగతి. పిల్లలను వదిలేస్తే మొదట పట్టుకునేవి అవే. ఒత్తు లేదు, దీర్ఘం లేదు, తలకట్టు లేదు. సులువుగా దొరుకుతాయి, దిద్దామన్న తృప్తి ఇస్తాయి. లేఖ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకని మొదటి రెండుసార్లు అక్షరదోషాల మాట ఎత్తకూడదని నియమం పెట్టండి. మూడోసారి నుంచి, సవరించిన ప్రతి మీద, చివరి ఐదు నిమిషాలు వాటికే ఇవ్వండి. మాండలికం మాటలను తప్పులుగా పట్టుకోనివ్వకండి. పంచాయతీకి రాసే లేఖలో ఏ మాట సరిపోతుందన్నది వేరే చర్చ, అది మీరు నడపాలి.

సవరణకు సమయం ఇవ్వకపోతే ఇదంతా దండగ

పీరియడు అయిపోయిందని ‘ఇంటికెళ్లి మార్చుకోండి’ అంటే మారేది చాలా తక్కువ. మర్నాడు తెలుగు పీరియడులో మొదటి పదిహేను నిమిషాలు దీనికే కేటాయించండి. మొత్తం లేఖ తిరిగి రాయించకండి. అది చేతికి శిక్ష, పిల్లలు అలాగే తీసుకుంటారు. ఎడమ పేజీలో, మారిన వాక్యానికి ఎదురుగా, కొత్త వాక్యం మాత్రమే రాయాలి. చీటీలో వచ్చిన ప్రశ్న పక్కన ‘తీసుకున్నాను’ లేదా ‘తీసుకోలేదు, ఎందుకంటే’ అని రాయాలి. తీసుకోకపోవడం తప్పు కాదని గట్టిగా చెప్పండి. తోటివాళ్లు చెప్పేది తప్పయ్యే అవకాశం బాగానే ఉంటుంది. కారణం రాస్తూ దాన్ని కాదనగలిగిన పిల్లవాడు అంచనా వేయడం నేర్చుకుంటున్నట్టే.

మీరు ప్రతిసారీ 36 లేఖలూ దిద్దక్కర్లేదు. చీటీల్లో పన్నెండు తీసి చూడండి, మూడు విడతల్లో అందరివీ అవుతాయి. చీటీలో వేలు పెట్టి చూపిన వాక్యం ఉందా, ఉత్త పొగడ్తా అన్నదే చూడాలి. రెండు మంచి చీటీలు, ఒక పనికిరాని చీటీ మీరే మీ చేతిరాతతో బల్ల మీద పేర్లు లేకుండా రాసి, ‘వీటిలో దేనితో లేఖ మారింది?’ అని అడగండి. చీటీలు బాగుపడటం లేఖలు బాగుపడటం కంటే ముందు కనిపిస్తుంది.

లెక్కల్లో చేసేటప్పుడు

లెక్కకు జవాబు ఒకటే కాబట్టి పద్ధతి మారుతుంది. పిల్లవాడు తన లెక్క ఎందుకు తప్పిందని అడిగితే తొంభై పాళ్లు ‘తొందరలో సార్’ అంటాడు. అది నిజమో కాదో తేల్చడానికి అంకెలు మార్చి అదే లెక్క మళ్లీ ఇవ్వండి. ఈసారి సరిగ్గా వస్తే తొందరే. మళ్లీ అదే చోట తప్పితే అర్థం కాలేదన్నమాట.

ఉదాహరణకు: ‘15 శాతం తగ్గించాక చొక్కా 680 రూపాయలకు వచ్చింది. అసలు ధర ఎంత?’ చాలామంది 680లో 15 శాతం, అంటే 102 తీసి, కలిపి 782 అంటారు. కూడిక తప్పలేదు, గుణకారం తప్పలేదు. 15 శాతం దేనిలోంచి తగ్గిందన్నది తప్పింది. తగ్గింది అసలు ధరలోంచి కాబట్టి 680 అంటే అసలు ధరలో 85 శాతం, అసలు ధర 800. ఇక్కడ జంటగా ఉన్న పిల్లలకు ఒక నియమం చాలు: జవాబు చెప్పకూడదు, ‘ఈ 15 శాతం దేనిలో?’ అన్న ప్రశ్న అడగాలి. ఆ తర్వాత 782లోంచి 15 శాతం తీసి చూడమనాలి. 664 రూపాయల 70 పైసలు వస్తుంది, 680 రాదు. జవాబును వెనక్కి పెట్టి సరిచూసుకోవడం వచ్చిన పిల్లకు ‘రైటా తప్పా’ అని మీ దగ్గరికి పరిగెత్తే పని ఉండదు.

లఘు పరీక్షకు ఇంకో చిన్న అలవాటు చేర్చండి. ప్రతి జవాబు పక్కన, ఖాయమనుకుంటే టిక్కు, అనుమానముంటే ప్రశ్నార్థకం పెట్టమనండి. దీనికి మార్కులు లేవని ముందే చెప్పాలి. దిద్దిన పేపరు చేతికొచ్చాక ముందుగా చూసుకోవాల్సింది టిక్కు పెట్టి తప్పినవి. ప్రశ్నార్థకం పెట్టి తప్పినవాటి సంగతి పిల్లవాడికి ముందే తెలుసు, ఎలాగో చదువుకుంటాడు. తెలుసనుకుని తప్పినవే పరీక్ష తర్వాత పరీక్షలో మళ్లీ మళ్లీ ముంచుతాయి. ప్రశ్నార్థకం పెట్టి సరిగ్గా రాసినవి కూడా ఒకసారి చూడమనండి. ఊహించి రాశారా, తెలిసీ భయపడ్డారా అన్నది తేలుతుంది.

పట్టు వదలడం

దసరా సెలవుల దాకా అంశాలు మీతో కలిసి తయారవుతాయి. సెలవుల తర్వాత మీరు మూడే ఇచ్చి నాలుగోది పిల్లలను పెట్టుకోమనండి. సంక్రాంతి తర్వాత బల్ల మీద ఏమీ రాయకండి. లేఖైనా, వ్యాసమైనా, సైన్సులో ప్రయోగం రాసినా, పేజీ పైన పిల్లవాడే ‘నువ్వు నా రాతలో చూడాల్సింది ఇదీ’ అని ఒక ప్రశ్న రాసి పక్కవాళ్లకు ఇవ్వాలి. మొదట్లో ‘తప్పులున్నాయా చూడు’ అని రాస్తారు. ఇలాంటి ప్రశ్నను తిరిగి ఇచ్చేయమని జంటకు అధికారం ఇవ్వండి. ‘మూడో పేరా లేకపోయినా అర్థమవుతుందా?’ వంటి ప్రశ్నలు వచ్చాయంటే ఆ పిల్లలకు ఇక మీ నాలుగు అంశాలతో పని లేదు.

అందరూ ఒకేసారి అక్కడికి రారు. ఒక పదిమందికి మార్చిలోనూ అంకెలు వేయించాల్సే వస్తుంది, వేయించండి.

బయటినుంచి వచ్చే చిక్కులు

నోటు పుస్తకంలో ఎర్ర టిక్కులు కనబడకపోతే తల్లిదండ్రులు ‘సారు దిద్దట్లేదు’ అంటారు. తనిఖీకి వచ్చిన మండల విద్యాధికారి (ఎంఈఓ) కూడా అడగవచ్చు. పుస్తకం మొదటి పేజీలో మూడు గుర్తులకు అర్థం రాయించి పెట్టండి: అంచులో పెన్సిలు అంకె పిల్లవాడు చూసుకున్నది, అతికించిన చీటీ తోటివాళ్లు చూసింది, తేదీతో సంతకం ఉపాధ్యాయుడు చూసింది. చీటీలను సవరించిన పేజీకే అతికించండి. విడిగా ఉంటే రెండు రోజుల్లో కాగితపు విమానాలవుతాయి. ఒక లేఖ చిత్తుప్రతి, చీటీ, సవరణ పక్కపక్కన పెట్టి చూపిస్తే తల్లిదండ్రుల సమావేశంలో వేరే వివరణ అక్కర్లేదు.

చీటీలో రాసిన మాటను పట్టుకుని బడి బయట ఏడిపించడం జరిగితే ఆ జంటను ఆ రోజే విడదీయండి. చీటీ వ్యవస్థను మాత్రం ఆపకండి.

పిల్లలు పన్నెండు మందే ఉండి రెండు మూడు తరగతులు ఒకే గదిలో కూర్చునే బడిలో జంటలను తరగతి ప్రకారం కట్టాల్సిన పని లేదు. ఐదో తరగతి పిల్ల నాలుగో తరగతి పిల్లవాడి లేఖ విని తిరిగి చెప్పవచ్చు. ఒకటి, రెండు తరగతులకు చీటీలు, అంకెలు వద్దు. అదే పిల్లవాడు నెల క్రితం రాసిన పేజీ, ఈరోజు రాసిన పేజీ పక్కపక్కన పెట్టి ‘ఏం మారింది, చూపించు’ అని అడిగితే చాలు. అందుకోసం పాత పేజీల మీద తేదీ ఉండాలి. బల్ల మీద తేదీ రాయడం మీరు మర్చిపోయిన రోజు వాళ్లూ వేయరు.